ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్‌కు అప్పు చేసే ముందు డ్రైవర్ డోర్ మీది స్టిక్కర్ చదవండి

ప్రశ్న: మేం డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటాం. నాకు 41 ఏళ్లు. హెచ్1బి వర్క్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఐ-140 (గ్రీన్ కార్డు పిటిషన్) అయింది. మా ఆవిడ హెచ్4 ఈఏడీ (నా వీసా మీద ఆధారపడి వచ్చే పని అనుమతి) మీద పార్ట్‌టైమ్ చేస్తోంది. ఇద్దరు పిల్లలు. వచ్చే వేసవికి అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లకు గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్ చూపిద్దామని ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ (పికప్‌కు తగిలించి లాగే చక్రాల ఇల్లు) ఒకటి చూశాం. అమ్మకు బయటి తిండి పడదు, అందులో వంటగది ఉంటుంది. ధర 58 వేల డాలర్లు, ఖాళీ బరువు 9,100 పౌండ్లు. నా హాఫ్ టన్ పికప్ 11,200 పౌండ్లు లాగుతుందని బ్రోషర్‌లో ఉంది కాబట్టి ఆ బెంగ లేదు. 10 శాతం డౌన్ కట్టి డీలర్ ఇస్తానన్న 8.5 శాతం, 20 ఏళ్ల లోన్ తీసుకోవాలా? హెలాక్ (ఇంటి మీద తీసుకునే అప్పు) మేలా? 401కె (రిటైర్మెంట్ పొదుపు) మీద అప్పు మేలా? పొదుపు 14 వేలు, నెల ఖర్చు 7,500, ట్రక్కు మీద బాకీ 31 వేలు. ట్రెయిలర్‌కు 500 డిపాజిట్ కట్టేశాం.

జవాబు: ఏ అప్పు మేలో అడిగారు. మూడూ వద్దు. ఇలాంటి ఉత్తరాలు పడవకీ, ట్రెయిలర్‌కీ, ఇండియాలో ఫ్లాట్‌కీ కూడా వస్తూనే ఉంటాయి. అందరూ వడ్డీ రేట్లు పోల్చి అడిగేవాళ్లే. ఆ వస్తువు వెనకాల ఇంకేం కొనాల్సి వస్తుందో లెక్క వేసినవాళ్లు తక్కువ. మీ విషయంలో ఆ వెనకాల వచ్చేది ఇంకో ట్రక్కు.

మీ పికప్ డ్రైవర్ డోర్ తెరిచి, పక్క స్తంభం మీద పసుపు గీతల స్టిక్కర్ చూడండి. మనుషులూ సామానూ కలిపి ఇంత బరువు మించకూడదని ఉంటుంది. హాఫ్ టన్ పికప్‌లలో ఎక్కువ వాటికి అది 1,400 నుంచి 2,000 పౌండ్ల మధ్య ఉంటుంది. మీది 1,640 అనుకుందాం. బ్రోషర్‌లోని 11,200 లాగే బరువు. స్టిక్కర్ మీద ఉన్నది మోసే బరువు. పది బస్తాల బండిని ఈడ్చుకెళ్లే ఎద్దుల జత, అందులో నాలుగు బస్తాలు వీపున వేస్తే అక్కడే కూలబడుతుంది. ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ ముక్కు మీ ట్రక్కు బెడ్‌లోనే (వెనక తొట్టిలోనే) కూర్చుంటుంది కనుక దాని బరువులో 20 నుంచి 25 శాతం మీ ట్రక్కు వీపున పడుతుంది.

ఆ శాతాన్ని ఖాళీ బరువు మీద వేయకూడదు. ట్రెయిలర్ ముందు భాగంలో డ్రైవర్ వైపు అతికించిన ప్లేటు మీద జీవీడబ్ల్యూఆర్ ఉంటుంది, నిండుగా నింపాక సొంత బరువుతో కలిపి ట్రెయిలర్ దాటకూడని గరిష్ఠ బరువు. మీరు చెప్పిన సైజు ట్రెయిలర్‌కు అది 11,800 దగ్గర ఉంటుంది. అంత నింపుతామా అంటారేమో. 60 గ్యాలన్ల నీళ్లకే 500 పౌండ్లు. ఆపైన మన ఇళ్లలో రెండు వారాల ప్రయాణమంటే సోనామసూరి సంచి, గ్రైండర్, ఇడ్లీ పాత్ర, రెండు కుక్కర్లు, ఊరగాయ జాడీలు, ఆరుగురి బట్టలు. నింపుతారు.

ఇప్పుడు కూడండి. 11,800లో 20 శాతం 2,360. మీరు ఆరుగురూ సుమారు 760. ట్రెయిలర్ తగిలించడానికి బెడ్‌లో బిగించే హిచ్ 150. మొత్తం 3,270. మీ ట్రక్కు మోయగలిగింది 1,640. దాదాపు రెట్టింపు బరువు ట్రక్కు వీపున వేసుకుని, గ్రాండ్ కాన్యన్ దారిలో ఐ-40 మీద ఫ్లాగ్‌స్టాఫ్ కొండలు ఎక్కి దిగాలి. హెల్పర్ ఎయిర్‌బ్యాగులు (వెనక స్ప్రింగులకు తోడుగా బిగించే గాలి సంచులు) వేయిస్తే సరిపోతుందని డీలర్ చెబుతాడు. అవి ట్రక్కు వెనక్కి కుంగకుండా చూస్తాయంతే, స్టిక్కర్ మీది అంకె మారదు.

అంటే మీకు హాఫ్ టన్ కంటే రెండు తరగతులు పెద్దదైన వన్ టన్ ట్రక్కు కావాలి. మధ్య తరగతి త్రీ క్వార్టర్ టన్ డీజిల్ సరిపోతుందని కూడా అంటారు. వాటిలో చాలావాటి మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్లే, డీజిల్ ఇంజిన్ బరువు అందులోంచే పోతుంది. స్టిక్కర్ మీద 2,300 మిగిలితే మీ 3,270కి ఏ మూలకూ చాలదు.

అసలు బిల్లు ఇక్కడుంది. ట్రెయిలర్‌కు 5,800 డౌన్, టెక్సస్ పన్ను 6.25 శాతం చొప్పున 3,625. రెండూ కట్టాక మీ 14 వేలలో మిగిలేది 4,575. మీ ఇల్లు 18 రోజులు గడుస్తుంది. మిగతా 52,200 అప్పుకు 20 ఏళ్లపాటు నెలకు 453, అందులో వడ్డీయే 56 వేల పైచిలుకు. అయిదేళ్లు కట్టాక కూడా 46 వేలు బాకీ ఉంటుంది. అప్పటికి ఆ ట్రెయిలర్‌కు సగం ధర పలికితే అదృష్టమే. ఇక పాత ట్రక్కును ట్రేడ్-ఇన్ చేస్తే 27 వేలు వచ్చిందనుకుందాం, తీరని 4 వేలు కొత్త అప్పులో కలుపుతారు. 78 వేల ట్రక్కు, ఆ 4 వేలు కలిపి 7.5 శాతానికి ఆరేళ్లంటే నెలకు 1,418. దాని మీద పన్ను, ట్రెయిలర్‌కు విడిగా ఇన్సూరెన్స్, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల సంఘం) ఇంటి ముందు పెట్టనివ్వకపోతే స్టోరేజీ అద్దె వేరే. ఇప్పుడు ట్రక్కుకు కడుతున్నది తీసేసినా, నెల ఖర్చు 1,400 దాకా పెరుగుతుంది.

ఇక నేను ప్రతిసారీ చెప్పేదే, మళ్లీ చెబుతున్నాను. మీకు అత్యవసర నిధి లేదు. 14 వేలంటే రెండు నెలల ఖర్చు కూడా కాదు. సిటిజన్‌కైతే ఆరు నెలలు చాలంటాను. హెచ్1బి మీద ఉన్నవాళ్లకు తొమ్మిది నెలలకు తక్కువ చెప్పను. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండి కొత్త ఉద్యోగం చూసుకోవడానికి మీకు ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. మీ ఆవిడ ఈఏడీ మీ హెచ్1బి మీదే నిలబడి ఉంది కనుక రెండో జీతం ఆదుకుంటుందనుకోవద్దు. కోబ్రా కింద హెల్త్ ఇన్సూరెన్స్ కొనసాగించాలంటే కంపెనీ వాటా కూడా మీరే కట్టి, పైన 2 శాతం వేసుకోవాలి. ఇంటి లోన్ ఆగదు. ఆ 60 రోజుల్లో ఇంటర్వ్యూలకు వెళతారా, కొన్న ధర కంటే తక్కువకు పోయే ట్రెయిలర్‌నీ ట్రక్కునీ అమ్ముకుంటారా? బాకీ కంటే తక్కువకు అమ్మితే ఆ తేడా చేతినుంచి కట్టందే టైటిల్ (బండి యాజమాన్య పత్రం) కూడా రాదు. 2022 చివర్లో, 2023లో టెక్ కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు ఇలా ఇరుక్కున్న మనవాళ్లు చాలామందే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. నెల ఖర్చు పెరిగితే నిధి కూడా పెరగాలి. ఇప్పుడు మీకు తొమ్మిది నెలలకు 67,500 కావాలి. ఈ కొనుగోలు తర్వాత 80 వేలు కావాలి. నిధి తగ్గే రోజునే దాని అవసరం పెరుగుతోందన్నమాట.

హెలాక్ అంటే ట్రెయిలర్ కోసం ఇల్లు తాకట్టు పెట్టడం. రేటు మారుతూ ఉంటుంది. ఇంటి మీద ఖర్చు పెట్టని డబ్బు కాబట్టి ఆ వడ్డీకి పన్ను మినహాయింపూ రాదు. 401కె అప్పు ఇంకా ప్రమాదం. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మరుసటి ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా మొత్తం తీర్చాలి, లేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కేసి మీ వయసుకు 10 శాతం పెనాల్టీ కూడా వేస్తారు. సరిగ్గా జీతం ఆగినప్పుడే ఆ బిల్లు వస్తుంది. ఇలాంటి అప్పును "మన డబ్బే కదా" అని తీసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మానాన్నల ప్రయాణం మానక్కర్లేదు. వంటగది ఉన్న క్యాబిన్లు దొరుకుతాయి, మోటర్‌హోమ్ అద్దెకూ దొరుకుతుంది. రెండు వారాలకు మామూలుగా ట్రెయిలర్ డౌన్ పేమెంట్, పన్ను కలిపినదాని కంటే తక్కువకే అవుతుంది. వాళ్లకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవడం మాత్రం మరవకండి. ఎప్పటికైనా సొంతంగా కావాలంటే, నిధి నిండాక, నింపిన బరువు 5,000 పౌండ్లు దాటని బంపర్ పుల్ ట్రెయిలర్ (ట్రక్కు వెనక బంపర్ దగ్గర తగిలించేది) చూడండి. హిచ్ మీద పడేది 10 నుంచి 15 శాతమే కనుక మీ ట్రక్కే సరిపోతుంది. కొన్నాక మనుషులతో, సామానుతో ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ మీద ఒకసారి తూకం వేయించుకోండి. టెక్సస్ కనీస లయబిలిటీ ఇన్సూరెన్స్ 30/60/25తో (గాయాలకు ఒక మనిషికి, ఒక ప్రమాదానికి, ఆస్తి నష్టానికి, వేల డాలర్లలో) ఏ ట్రెయిలరూ లాగకండి, గాయాల పరిమితిని 250/500కు పెంచి, ఆపైన అదనంగా కాపాడే అంబ్రెల్లా పాలసీ తీసుకోండి.

ఆ 500 డిపాజిట్ వెనక్కి ఇమ్మని ఈ వారమే ఈమెయిల్ రాయండి, ఫోన్ మీద చెప్పి వదిలేయవద్దు. నెల పేమెంట్ ఇంకా తగ్గిస్తామంటూ ఫైనాన్స్ మేనేజర్ ఫోన్ చేస్తాడు. తగ్గించేది అప్పును కాదు, గడువు పొడిగించి నెలకు కట్టేదాన్ని. ఎత్తకండి.