స్క్రూడ్రైవర్ పట్టని అమ్మాయికి నెట్‌వర్కింగ్ సరిపడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. లెక్కల్లో ఎప్పుడూ ముందుంటుంది. ఈ మధ్య కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టు బాగా నచ్చింది, ఆ దారిలోనే వెళ్తానంటోంది. మళ్లీ తనే, క్లాసులో అబ్బాయిలు చిన్నప్పుడే కంప్యూటర్లు విప్పి బిగించారట, నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడమే రాదు అని దిగులుపడుతోంది. బంధువులేమో నెట్‌వర్కింగ్ అంటే కేబుళ్లు లాగే పని, ఇప్పుడంతా ఏఐ, ఆ కోర్సులో చేర్పించు అంటున్నారు. నాది ఎరువుల దుకాణం. ఈ సంగతులు నాకు తెలియవు. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: అయ్యా, మీ జాబులో రెండు ప్రశ్నలున్నాయి. ఉద్యోగం సంగతి మీ ప్రశ్న. స్క్రూడ్రైవర్ సంగతి అమ్మాయి ప్రశ్న. ముందు అమ్మాయిదే తీసుకుంటాను. ఆ దిగులుతోనే ఈ రంగం గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది లెక్కల్లో గట్టివాళ్లే.

అమెరికాలో రేడియా పెర్ల్‌మన్ అని ఒకావిడ ఉన్నారు. 1951లో పుట్టారు. మీ అమ్మాయి కాలేజీలో అంతస్తుకో మూల నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్లను తీగలతో కలిపే పెట్టె) ఉంటుంది, చిన్న చిన్న పచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటుంటాయి. అలాంటి వాటిని అడ్డదిడ్డంగా కలిపినా నెట్‌వర్క్ కుప్పకూలకుండా కాపాడే పద్ధతి ఆవిడ కనిపెట్టిందే. దాన్ని స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ అంటారు. ప్రోటోకాల్ అంటే యంత్రాలు మాట్లాడుకునేందుకు పెట్టుకున్న నియమాలు. మీ అమ్మాయి సిలబస్‌లో ఉండే ఉంటుంది. ఆవిడ పేరు మీద వందకు పైగా పేటెంట్లున్నాయి. 2014లో ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. పత్రికలవాళ్లు 'ఇంటర్నెట్ తల్లి' అని రాస్తే మాత్రం ఆవిడకు గిట్టదు.

ఈవిడ కూడా చిన్నప్పుడు ఏ వస్తువూ విప్పి చూసిన మనిషి కాదు. ఆ మాట ఆవిడే ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఇంట్లో నాన్న రాడార్ల మీద పనిచేసేవారు, అమ్మ ప్రోగ్రామర్. అయినా ఈవిడకు ఇష్టమైనవి లెక్కలు, తర్కంతో విప్పే చిక్కుముళ్లు, పియానో. హైస్కూల్లో ఉండగా ఒక టీచరు ప్రోగ్రామింగ్ క్లాసుకు తీసుకెళ్తే, అక్కడి పిల్లలు ఏడేళ్లకే హామ్ రేడియోలు తయారుచేశామని చెప్పుకుంటున్నారట. వీళ్లను నేనెక్కడ అందుకుంటాను అనుకుని, ఆ క్లాసులో ఏమీ నేర్చుకోకుండానే బయటపడ్డారు. మీ అమ్మాయి మాటకూ దీనికీ తేడా ఏమైనా కనిపిస్తోందా? నాకైతే కనిపించలేదు.

తర్వాత ఎంఐటీ అనే పేరున్న విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివారు. వెయ్యిమంది ఉన్న ఆ బ్యాచ్‌లో అమ్మాయిలు సుమారు 50 మందే. ఫిజిక్స్ క్లాసులో పాఠాలకు సాయపడే ఒకతను, నా ప్రాజెక్టుకు ప్రోగ్రాములు రాస్తావా అని అడిగాడు. నాకు రాదే అన్నారు ఈవిడ. తెలుసు, అందుకే అడుగుతున్నాను, నీకిచ్చేందుకు నా దగ్గర డబ్బుల్లేవు, నువ్వు తెలివైనదానివి, నేర్చేసుకుంటావు అన్నాడట. ప్రోగ్రామింగ్‌లోకి ఆవిడ వచ్చిన దారి అది. 1970ల మధ్యలో అక్కడే, మూడున్నరేళ్ల పసివాళ్లు కూడా బొమ్మ తాబేలు రోబోను నడిపించేలా ఒక ప్రోగ్రామింగ్ పద్ధతి తయారుచేశారు. చంటిపిల్లలతో ఆడుకునే మనిషిని శాస్త్రవేత్తగా ఎవరు లెక్కచేస్తారన్న భయంతో ఆ పని వదిలేశారు. అంత తెలివైన మనిషికీ నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం తప్పలేదన్నమాట.

ఇక అసలు కథ. 1980లో ఆవిడ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో చేరారు. డెక్ అని పిలిచేవారు, అప్పట్లో కంప్యూటర్లలో పెద్ద పేరు. అక్కడొచ్చిన చిక్కు మీకూ అర్థమయ్యేలా చెబుతాను.

ఒక వీధిలో ముగ్గురు వదినలున్నారనుకోండి. ముగ్గురిదీ ఒకటే అలవాటు: ఏ మాట విన్నా, తనకు చెప్పినవాళ్లకు తప్ప మిగతా అందరికీ చెప్పడం. అదివరకు విన్న మాటేనా అన్నది ఎవరికీ గుర్తుండదు. మొదటావిడ ఒక మాట అంటుంది. రెండోవారికి, మూడోవారికి చేరుతుంది. రెండో ఆవిడ మూడో ఆవిడకు చెబుతుంది, మూడో ఆవిడ రెండో ఆవిడకు చెబుతుంది. అది తిరిగి మొదటావిడకే కొత్త వార్తగా వస్తుంది. ఇక ఆ మాటకు చావు లేదు. అందరికీ పంపాల్సిన మాట, ఎవరికి చేరాలో తెలియని మాట వచ్చినప్పుడు స్విచ్‌లు ఇలాగే ప్రవర్తిస్తాయి. నెట్‌వర్క్‌ల మధ్య దారి చూపే రౌటర్లు పంపే ఐపీ ప్యాకెట్‌కు (ఇంటర్నెట్‌లో మాట నడిచే మూటకు) ఆయుష్షు ఉంటుంది, ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గి, సున్నా కాగానే చచ్చిపోతుంది. ఒక ఆఫీసులోని యంత్రాలను తీగలతో కలిపే పద్ధతి ఈథర్‌నెట్, అందులో మాట నడిచే మూట పేరు ఫ్రేము. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆ ఆయుష్షు లెక్క లేదు. ఒకే తీగ మీద అందరూ మాట్లాడుకోవడానికి పుట్టింది కాబట్టి, ఊరంతా తిరగాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు. దాంతో ఎక్కడైనా చుట్టు తిరిగే దారి ఏర్పడితే పాత ఫ్రేములే తిరిగి తిరిగి తీగలన్నీ నిండిపోతాయి.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నాళ్లు నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగం చేశాను. ఒకరోజు ఆఫీసులో అంతస్తు మొత్తం నెట్ పోయింది. మధ్యాహ్నం దాకా వెతికితే తేలిందేమిటంటే, మీటింగ్ గదిలో ఊడి కిందపడి ఉన్న కేబుల్‌ను ఎవరో పుణ్యాత్ములు రెండు కొసలూ తీసుకెళ్లి గోడకున్న రెండు రంధ్రాల్లో పెట్టారు. ఆ స్విచ్‌లో స్పానింగ్ ట్రీ ఆపేసి ఉంది. ఆపింది నేనే, పాఠం చదువుకోకుండా. పెర్ల్‌మన్ పేరు నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే.

డెక్‌లో ఆవిడ మేనేజర్ ఒక శుక్రవారం వచ్చి ఒక మాయపెట్టె, అంటే ఇప్పటి స్విచ్‌లాంటిది, కావాలన్నాడు. రెండు ఈథర్‌నెట్‌ల మధ్య పెడితే చాలు, అటూ ఇటూ ఉన్న కంప్యూటర్లలో ఏమీ మార్చకుండా అవి మాట్లాడుకోవాలి. అక్కడితో ఆగలేదు. నెట్‌వర్క్ ఎంత పెద్దదైనా పెట్టెలో వాడే మెమరీ పెరగకూడదన్నాడు. చెప్పేసి వారం సెలవు మీద వెళ్లిపోయాడు. ఆ రాత్రికే ఆవిడకు దారి దొరికింది.

ఆ దారి వింటే, ఇంతేనా అనిపిస్తుంది. ప్రతి స్విచ్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. మొదట ప్రతిదీ నేనే పెద్దననుకుని తన సంఖ్యను పక్కవాళ్లకు చెబుతుంది. తనకన్నా చిన్న సంఖ్య వినపడగానే, సరే నువ్వే పెద్ద అని తగ్గిపోతుంది. ఈ దారులన్నీ కలిసి ఒక చెట్టనుకుంటే, అందరిలోకీ చిన్న సంఖ్య ఉన్న స్విచ్ దానికి వేరు (రూట్) లాంటిది. మిగతావి ఆ వేరుకు తమ దగ్గరి దారి ఏదో చూసుకుని, చెట్టులో భాగం కాని దారులను మూసి ఉంచుతాయి. తీగ అక్కడే ఉంటుంది, దాని మీద మాట నడవదు. ఎక్కడైనా తీగ తెగితే మూసిన దారి తెరుచుకుంటుంది. పైనుంచి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సోమ, మంగళవారాల్లో ఆ వివరమంతా రాసి పెట్టేశారు. మేనేజర్ ఇంకా సెలవులోనే ఉన్నాడు. మిగిలిన రోజుల్లో దాని మీద ఒక పద్యం రాశారు. 1985లో వచ్చిన పరిశోధన పత్రంలో సారాంశం ఉండాల్సిన చోట ఆ పద్యమే ఉంది. అయితే నన్ను పట్టుకున్న వివరం పద్యం కాదండీ. ఆవిడ రాసిచ్చిన కాగితాలు చూసి ఇంజనీర్లు రెండు మూడు నెలల్లో దాన్ని పనిచేయించారు, ఆవిడను ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. మన పిల్లలు కోడ్ రాయడం నేర్చుకుంటారు గానీ, అవతలివాడికి సందేహం మిగలకుండా రెండు పేజీలు రాయడం ఎవరూ నేర్పరు. మీ అమ్మాయికి ఆ అలవాటు చేయించండి.

ఇందులో స్క్రూడ్రైవర్ ఎక్కడుందో మీరే చెప్పండి. ఉన్నదల్లా చిక్కు ప్రశ్న, దాన్ని తేలిక చేసి చూసే బుర్ర. లెక్కల్లో ముందుండే పిల్లకు ఆ రెండూ కొత్త కావు. విప్పి బిగించే అబ్బాయిలను తక్కువ చెయ్యను, వాళ్లూ కావాలి. వాళ్లకు తెలిసింది ఆరు నెలల్లో నేర్చుకోవచ్చు, అంతే.

ఆవిడ తర్వాతి దారి కూడా మీకు పనికొస్తుంది. పీహెచ్‌డీ పూర్తిచేసింది 1988లో, 36 ఏళ్ల వయసులో, ఉద్యోగంలోకి వచ్చాక మళ్లీ ఎంఐటీకి వెళ్లి. నెట్‌వర్క్‌లో కొన్ని యంత్రాలు అబద్ధాలాడినా మాట చేరవలసిన చోటికి చేరాలంటే ఏం చెయ్యాలన్నది ఆ సిద్ధాంత వ్యాసం విషయం. పెద్ద నెట్‌వర్క్‌లలో దారులు వెతికే ఐఎస్-ఐఎస్ అనే ప్రోటోకాల్‌కు కావలసిన పునాది పని కూడా డెక్‌లోనే చేశారు. అది ఇప్పటికీ పెద్ద పెద్ద టెలికాం కంపెనీల్లో నడుస్తోంది. డెక్ తర్వాత నోవెల్, సన్, ఇంటెల్, డెల్ తిరిగారు. డెక్‌ను 1998లో కాంపాక్ కొనేసింది, సన్‌ను 2010లో ఒరాకిల్ కొనేసింది. పేరున్న కంపెనీలో పడితే చాలు జీవితం స్థిరపడినట్టే అనుకునే తల్లిదండ్రులకు నేను ఈ రెండు సంవత్సరాలూ చెబుతుంటాను.

అన్నీ గెలుపులే అనుకోకండి. పాత స్పానింగ్ ట్రీ మూసిన దారుల్లో ఉన్న తీగంతా వృథా. తీగ తెగితే మళ్లీ సర్దుకోవడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది, 2001లో వేగంగా సర్దుకునే రకం వచ్చేదాకా. ఆ లోపాలు ఆవిడకే బాగా తెలుసు. తన పాత పనికి బదులుగా ట్రిల్ అనే కొత్త పద్ధతి ప్రతిపాదించారు, 2011లో అది ప్రమాణంగా వచ్చింది. కానీ పెద్దగా పాకలేదు. డేటా సెంటర్లు వీఎక్స్‌లాన్ అనే వేరే దారి పట్టాయి. మెరుగైనదని ఎంతో ఆలోచించి చేసింది పక్కన పడింది, వారం రోజుల్లో రాసింది నలభై ఏళ్లుగా నడుస్తోంది. ఈ రంగంలో అలాగే జరుగుతుంటుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. బంధువులు చెప్పింది సగం నిజం. నెట్‌వర్కింగ్ పేరుతో రెండు రకాల పనులున్నాయి. ఉన్న పరికరాలను అమర్చి, పాడైతే చూసుకునేది ఒకటి. సిస్కో కంపెనీ ఇచ్చే సీసీఎన్‌ఏ సర్టిఫికెట్‌తో దొరికేవి ఎక్కువగా ఇవే. షిఫ్టులుంటాయి, మొదట్లో జీతం మామూలుగా ఉంటుంది, కష్టపడితే పైకి వెళ్లొచ్చు. రెండోది ఆ పరికరాల్లో నడిచే సాఫ్ట్‌వేర్ రాయడం. అది సీ భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్, అల్గారిథమ్స్ బాగా వచ్చినవాళ్ల పని. స్విచ్‌లు తయారుచేసే కంపెనీలు, క్లౌడ్ కంపెనీలు ఇలాంటివాళ్లకోసం వెతుకుతుంటాయి. కాలేజీకి వచ్చి గంపగుత్తగా తీసుకెళ్లరు, ఒక్కొక్కరినే ఏరుకుంటారు. మీ అమ్మాయి ఈ రెండోవైపు చూడాలి.

ఏఐకి, దీనికి గొడవ పెట్టకండి. ఏఐ చిప్‌లు చేసే ఎన్‌విడియా, మెలనాక్స్ అనే నెట్‌వర్కింగ్ కంపెనీని 2020లో సుమారు 700 కోట్ల డాలర్లకు ఎందుకు కొన్నదో ఆలోచించండి. పెద్ద ఏఐ మోడల్‌ను ఒక చిప్ మీద తయారుచేయలేరు. వేల చిప్‌లు మాటిమాటికీ లెక్కలు ఇచ్చిపుచ్చుకోవాలి, ఒకదానికి ఆలస్యమైతే మిగతావన్నీ ఖాళీగా కూర్చుంటాయి. అక్కడ తెగాల్సింది నెట్‌వర్క్ ముడే. హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ 2022లో మొదలైంది. విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. డేటా సెంటర్ ఊళ్లోకి వచ్చినంత మాత్రాన ఊళ్లో ప్రోటోకాల్ రాసే ఉద్యోగాలు వచ్చేస్తాయని మాత్రం నేననను. కరెంటు, చల్లదనం, కాపలా చూసుకునే పనులు ముందొస్తాయి.

డబ్బు కట్టి అమీర్‌పేట పంపించే తొందర ఇప్పుడే వద్దు. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యుల నెట్‌వర్క్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. గేట్ రాయాలన్నా అవే పనికొస్తాయి. తన ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకోమనండి. వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఒక వెబ్‌సైట్ తెరిచినప్పుడు తీగ మీద ఏమేం మాటలు నడుస్తున్నాయో చూడమనండి. ఇంటర్నెట్ ప్రమాణాలన్నీ ఆర్‌ఎఫ్‌సీలనే పత్రాల్లో ఉంటాయి, ఎవరైనా చదువుకోవచ్చు. 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 826తో (ఐపీ చిరునామాను బట్టి యంత్రం అసలు చిరునామా కనుక్కునే ఏఆర్‌పీ పద్ధతి అందులో ఉంటుంది) మొదలుపెడితే మంచిది, పది పేజీలు మించదు. చదివి, దాన్ని పైథాన్‌లో తనే రాసి చూడాలి. ఆ పత్రాలు తయారుచేసే ఐఈటీఎఫ్ చర్చలు ఈమెయిల్‌లో జరుగుతాయి. ఎవరైనా చేరొచ్చు, తెనాలి నుంచైనా. మొదటి ఏడాది మాట్లాడకుండా చదివితే చాలు.

ఒక పని మాత్రం ఈ వారమే చెయ్యమనండి. ప్యాకెట్ ట్రేసర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో మూడు స్విచ్‌లు పెట్టి త్రికోణంలా కలపాలి. ఒక పోర్టు దగ్గర దీపం నారింజ రంగులోనే ఆగిపోతుంది. తర్వాత స్పానింగ్ ట్రీ ఆపేసి, ఒక్క పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) కొట్టి, ఏమవుతుందో చూడాలి. కాలేజీ ల్యాబ్‌లో నిజం స్విచ్‌ల మీద ఇది చెయ్యొద్దని గట్టిగా చెప్పండి, నా అనుభవం పైన రాశాను కదా.

ఆ నారింజ దీపం మిగతా రెండు స్విచ్‌ల దగ్గర కాకుండా అక్కడే ఎందుకు వెలిగిందో అమ్మాయిని సొంతంగా ఒక పేజీలో రాసి పంపమనండి. ఈసారి జాబు తన పేరుతోనే రావాలి. ఏ కోర్సు, ఎమ్మెస్సా ఉద్యోగమా అన్నది అది చదివాక మాట్లాడుకుందాం.