రీడింగ్ రాగానే నోరు విప్పకు

చిరంజీవి సౌజన్యకు,

పెద్దమామయ్య ఆశీస్సులు. విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం వైపు కూరగాయల పొలాల్లో మట్టిలో మిగిలిన పురుగుమందును చేతిలో పట్టే బయోసెన్సర్‌తో పరీక్షించబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేను చేసిన పనిలోకే నువ్వూ వస్తున్నావని ఛాతీ పొంగింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మట్టి తీయడం నీకు తెలిసిందే. గట్ల మీద, పెంటకుప్పల దగ్గర తీయకు. చేతులకు గ్లోవ్స్ వేసుకో.

నా భయం వేరే. మా ఆఫీసులో ఒకాయన ఎంజైమ్ కాగితాల కిట్టు పట్టుకుని ఊళ్లకు వెళ్లేవాడు. నీ సెన్సర్లో ఉన్న ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమే అందులోనూ ఉండేది. మందు లేకపోతే ఎంజైమ్ పనిచేసి రంగు వస్తుంది. ఆర్గానోఫాస్ఫేటో కార్బమేటో, ఆ రెండు రకాల పురుగుమందుల్లో ఏదున్నా దాని పని ఆగి రంగు రాదు. మే నెల ఎండలో ఆ కిట్టు మధ్యాహ్నం దాకా జీపులోనే ఉండిపోయింది. వేడికి ఎంజైమ్ పాడైనా రంగు రాదు కదా! ముందు మందు లేని శాంపిల్‌తో ఒక్క కాగితం చూసుకుంటే అక్కడే తెలిసిపోయేది. చూడలేదు. రచ్చబండ దగ్గర పదిమందిలో "నీ పొలం నిండా మందేనయ్యా" అనేశాడు. ఆ వారం సంతలో ఆ రైతు వంకాయలు ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత ల్యాబ్‌లో మట్టి బాగానే ఉందని తేలింది. "బాబూ, ఊరందరి ముందు అన్నారు, లేదని కూడా ఊరందరి ముందే చెప్పండి" అని ఆ రైతు భార్య ఆఫీసుకొచ్చి అడిగింది. మా వాళ్లెవరూ వెళ్లలేదు. నాకు ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

అందుకే ప్రతి పొలంలో ముందు మందు పడని మట్టితో ఒకటి, తెలిసిన మోతాదులో మందు కలిపినదానితో ఒకటి చూసుకో. మట్టిలోని హ్యూమస్, అంటే కుళ్లిన ఆకుల సారం, రీడింగ్‌ని తికమక పెడుతుంది, తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమంలోని రాగి కూడా ఎంజైమ్‌ని అణచగలదు. ఐస్‌బాక్స్ బరువని వదిలేసి వెళ్లావో, ఊరుకోను.

ఏమీ లేదని వచ్చినా తొందరపడకు, తల్లీ. క్లోర్‌పైరిఫాస్ అనే ఆర్గానోఫాస్ఫేట్ మందు ఆక్సీకరణం చెందితేగానీ ఈ ఎంజైమ్‌ని గట్టిగా పట్టుకోదు. పాత డీడీటీ, 2011లో సుప్రీంకోర్టు ఆపేసిన ఎండోసల్ఫాన్ లాంటివి దీనికి అందవు. ఇమిడాక్లోప్రిడ్ అనే మందు కూడా అంతే. "ఈ సెన్సర్‌కి దొరకలేదు" అని మాత్రమే చెప్పు. అనుమానం ఉన్న శాంపిల్‌ని ఏ మందు ఉందో విడదీసి చూపే జీసీ-ఎంఎస్ లాంటి ల్యాబ్ పరీక్షకి పంపు. రిపోర్టు వచ్చాక ముందు రైతు చేతికే, ఇంట్లో కూర్చుని ఇవ్వు. ఏ మందు, ఎప్పుడు కొట్టాడో కూడా అప్పుడే నెమ్మదిగా అడుగు. కోప్పడకు. అప్పుచేసి కొన్న మందు అది.

పొద్దున్నే తినకుండా బయల్దేరే అలవాటు మానలేదని మీ అమ్మ చెప్పింది. ఎంవీపీ కాలనీలో మన ఇల్లు దారిలోనే ఉంది, మీ అత్తయ్య ఇడ్లీ పెడుతుంది. ఐస్ కోసం ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేయించాను. మొదటి రోజు నేనూ వస్తాను. ముందు రోజు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమామయ్య