టర్ఫ్ పెడదామంటున్న స్నేహితుడు, రైల్వే ఉద్యోగం, మోకాలి నొప్పి

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 33. కబడ్డీ ఆటగాడిని. పదకొండేళ్ల కిందట స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది. గుంతకల్లు డివిజన్‌లో చేస్తున్నాను. ప్రో కబడ్డీలో మూడు సీజన్లు ఆడాను. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆట దాదాపు ఆగిపోయింది. దాచుకున్నది రూ.52 లక్షలు. అందులో 38 లక్షలు ఒకే బ్యాంకులో ఎఫ్‌డీ, 5 లక్షలు సేవింగ్స్ ఖాతాలో, 9 లక్షలు మ్యూచువల్ ఫండ్లలో ఉన్నాయి. చిన్ననాటి స్నేహితుడు బళ్లారి రోడ్డులో స్థలం లీజుకు తీసుకుని టర్ఫ్ (గంటల లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానం), దాని పక్కనే కబడ్డీ అకాడమీ పెడదామంటున్నాడు. నేను 40 లక్షలు పెట్టాలి, లాభంలో సగం నాది. ఉద్యోగం మానేస్తే నా పేరు, ఫోటో చూసి జనం వస్తారంటున్నాడు. అతను వేసిన లెక్కల కాగితం కూడా పంపుతున్నాను. గోపీచంద్ కూడా ఇల్లు తాకట్టు పెట్టే కదా అకాడమీ కట్టారు? నా భార్య భయపడుతోంది. ఐదేళ్ల పాప ఉంది. ఏం చేయమంటారు? స్నేహితుడికి ఏం చెప్పమంటారు?

జవాబు: మీ ఆవిడ భయం సరైనదే. ఆమెకు ఆ మాట చెప్పి, తర్వాత ఇది చదవండి.

గోపీచంద్ సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే నా దగ్గరకొచ్చే ఆటగాళ్లలో సగం మంది ఆ పేరే చెబుతారు. ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. ఇల్లు తాకట్టు పెట్టిన మాట నిజం. మిగతా సగం కథ ఎవరూ చెప్పరు. గచ్చిబౌలిలో ఐదెకరాల స్థలం ప్రభుత్వం ఇచ్చింది. కట్టడానికి పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ పెద్ద మొత్తం విరాళం ఇచ్చారు. 2003లో స్థలం వస్తే అకాడమీ తెరిచేసరికి 2008 అయింది. మూడేళ్లలో పెట్టుబడి వెనక్కి రావాలని లెక్క వేసుకుని మొదలుపెట్టిన వ్యాపారం కాదది. మీ స్నేహితుడు చూపిస్తున్నది మాత్రం వ్యాపారం. రెంటినీ ఒకే కాటాలో వేయకండి.

పేరు చూసి జనం వస్తారన్న మాటకూ ఒక కొలత ఉంది. ముంబైలో సచిన్ పేరుతో, కోల్‌కతాలో గంగూలీ పేరుతో రెస్టారెంట్లు తెరిచారు. రెండూ మూతపడ్డాయి. ఈ దేశంలో అంతకంటే పెద్ద పేర్లు ఎక్కడ దొరుకుతాయి? పేరు మొదటి నెల జనాన్ని తెస్తుంది. రెండో ఏడు కూడా వాళ్లను రప్పించేది కూర రుచి, బిల్లు, బాత్రూమ్ శుభ్రత. టర్ఫ్‌కైతే లైట్లు, పార్కింగ్, ఫోన్ ఎత్తి బుకింగ్ రాసుకునే మనిషి.

ఇక లెక్క. మీరు పంపిన కాగితంలో మీ స్నేహితుడు రోజుకు 8 గంటలు, గంటకు రూ.700, నెలకు 30 రోజులని వేసి నెలకు రూ.1,68,000 రాశాడు. అనంతపురంలో పుట్టి పెరిగిన మనిషి వేసిన లెక్కేనా ఇది? ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పది దాటాక టర్ఫ్ మీద అడుగు పెట్టేవాడెవడు? మామూలు రోజుల్లో సాయంత్రం 3 గంటలు, శని, ఆదివారాల్లో 7 గంటలు నడుస్తుందనుకుందాం. నెలకు 122 గంటలు, అంటే రూ.85,400. ఖర్చులు కూడా అతని కాగితంలోవే: లీజు 30 వేలు, ఇద్దరు మనుషులకు 26 వేలు, కరెంటు 14 వేలు, రిపేర్లు 8 వేలు. మొత్తం 78 వేలు. నెలకు ఏడు వేల చిల్లర మిగిలినట్టు కనిపిస్తుంది.

అందులో ఒక ఖర్చు కనబడలేదు. గడ్డి కార్పెట్‌కు రూ.18 లక్షలని రాశాడు. మన ఎండకు ఆరేళ్లు ఆగుతుందనుకున్నా, మళ్లీ వేయడానికి నెలకు 25 వేలు పక్కన పెట్టాలి. అప్పుడు నెలకు రూ.17,600 నష్టం. లాభంలో సగం అంటున్నాడు కదా, నష్టంలో ఎంత అని అడిగారా?

అకాడమీ ఫీజుల మీదా ఆశ పెట్టుకోకండి. మీ ఊళ్లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ ఉంది. పల్లెల పిల్లలకు ఆట నేర్పించే పనిని వాళ్లు ఏళ్లుగా సేవగా చేస్తున్నారు. ఆ ఊళ్లోనే నెలకు రెండు వేలు కట్టి కబడ్డీ నేర్పించే తల్లిదండ్రులు ఎంతమంది దొరుకుతారు? కబడ్డీకి పిల్లలొచ్చేది ఎక్కువగా రైతుల ఇళ్ల నుంచి, కూలీల ఇళ్ల నుంచి. మీరూ అక్కడి నుంచే వచ్చారు.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి మీ సర్వీసు రూల్స్. రైల్వే ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా నేరుగా గానీ, చాటుగా గానీ వ్యాపారం చేయకూడదు. 1966 నాటి ప్రవర్తనా నియమావళిలో ఇది స్పష్టంగా ఉంది. ‘మా ఆవిడ పేరు మీద పెడతా’ అనే ఉపాయం కూడా అందులో పారదు. కుటుంబంలో ఎవరు వ్యాపారం చేస్తున్నా ఆ సంగతి తెలియజేయాల్సిందే. అంటే ఉద్యోగంలో ఉంటూ, అనుమతి లేకుండా వాటా తీసుకోవడం కుదరదు. మీ స్నేహితుడు ఉద్యోగం మానేయమంటున్నాడు, ఆ మేరకు అతను నిజాయితీగానే మాట్లాడుతున్నాడు.

మానేస్తే ఏం పోతుందో చూడండి. స్వచ్ఛంద పదవీ విరమణ వేరు, రాజీనామా వేరు. మొదటిదానికి 20 ఏళ్ల సర్వీసు కావాలి, మీకు 11 ఏళ్లే అయింది. రాజీనామా చేస్తే ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం)లో ఉన్నదంతా ఒకేసారి చేతికి రాదు, అందులో పెద్ద భాగంతో యాన్యుటీ (విడతలవారీగా పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనాల్సి ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఉన్న రైల్వే వైద్యం పోతుంది. ఆపరేషన్ అయిన మోకాలితో, 33 ఏళ్లకు, బయట కొత్తగా ఆరోగ్య బీమా అడిగి చూడండి. ఆ మోకాలి గురించి ఎన్ని ప్రశ్నలు వేస్తారో, ఎన్నేళ్లు ఆగమంటారో తెలుస్తుంది.

అయితే బతుకంతా టికెట్ కౌంటర్‌లో కూర్చోవాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఆట నుంచి వ్యాపారంలోకి వెళ్లి నిలబడినవాళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి రోజర్ స్టాబాక్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో డల్లాస్ కౌబాయ్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు. నేవీలో పని చేసి, 27 ఏళ్లకు గానీ ఆ జట్టులోకి రాలేదు. అప్పటికే పెళ్లాం, పిల్లలు. గాయమైతే ఇల్లెలా గడవాలన్న బెంగతో సీజన్ లేని నెలల్లో డల్లాస్‌లో ఒక రియల్ ఎస్టేట్ కంపెనీలో ఉద్యోగిగా చేరాడు. స్టార్ ఆటగాడై ఉండి, ఆఫీసు స్థలం వెతుక్కునేవాళ్ల చుట్టూ తిరిగాడు. ఏళ్ల తరబడి అలా నేర్చుకుని, 1977లో, ఇంకా ఆడుతూ ఉండగానే, సొంత కంపెనీ పెట్టాడు. 1979 సీజన్ తర్వాత ఆట మానేశాడు. 2008లో ఆ కంపెనీని జోన్స్ లాంగ్ లాసాల్ 60 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది. అందరూ చివరి అంకె చూసి నోరెళ్లబెడతారు. నాకు మాత్రం నచ్చింది మొదటి ఏళ్లే. జీతం వస్తుండగా, ఇంకొకరి పెట్టుబడి మీద, ఇంకొకరి ఆఫీసులో పని నేర్చుకున్నాడు.

నాదీ ఒక చేదు అనుభవం ఉంది. ఈ వృత్తిలోకి రాకముందు కడపలో ఒక మిత్రుడితో కలిసి వాటర్ ప్లాంట్‌లో నాలుగు లక్షలు పెట్టాను. ప్లాంట్ గురించి నాకు తెలిసింది ఒక్కటే, నీళ్లు అందరూ తాగుతారని. ఏడాదిన్నరకు మోటార్లు అమ్ముకున్నాం. మిత్రుడు ఇప్పటికీ పలకరిస్తాడు, నేనే కాస్త పక్కకు తప్పుకుంటాను.

మీరు చేయాల్సింది చెబుతాను. ఉద్యోగం వదలకండి. పటియాలాలోని ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా శిక్షణ సంస్థ)లో కోచింగ్ కోర్సులున్నాయి, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు నుంచి డిప్లొమా దాకా. మీ స్పోర్ట్స్ విభాగంతో మాట్లాడి, అనుమతి తీసుకుని వెళ్లండి. తిరిగొచ్చాక డివిజన్ జట్టుకు కోచ్‌గానో, మేనేజర్‌గానో చేస్తామని మీరే అడగండి. జట్టును ఊరు దాటించడం, బడ్జెట్ రాయడం, బిల్లులు పాస్ చేయించుకోవడం, అలిగిన ఆటగాణ్ని దారికి తేవడం, ఇదంతా మేనేజ్‌మెంటే. ఎంబీఏ చేయాలనుంటే ఇగ్నోలో దూరవిద్యలో చేయొచ్చు.

డబ్బు విషయానికొస్తే, ముందు ఆ 38 లక్షలను చూడండి. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి రూ.5 లక్షల వరకే. ఎఫ్‌డీలు గడువు తీరేకొద్దీ మూడు నాలుగు పెద్ద బ్యాంకులకు పంచండి. 6 లక్షలు అత్యవసరానికి ఉంచుకోండి. కోటి రూపాయల టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోండి, పాప చదువుకు మొదటి అండ అదే. 20 లక్షలను రెండేళ్లలో నెలనెలా కొంచెం కొంచెంగా ఇండెక్స్ ఫండ్ (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్)లోకి మార్చండి. మిగిలింది ఎఫ్‌డీల్లోనే ఉండనీయండి. ఆటలో వచ్చిన డబ్బు జీతం లాంటిది కాదు, మళ్లీ రాదు. మీ నాన్న ఎంత కరువొచ్చినా విత్తనానికి ఉంచిన వేరుశెనగ బుడ్డలు వేయించుకు తినలేదు కదా, ఇదీ అంతే.

ఇంకో సంగతి. 2023లో పవన్ సెహ్రావత్‌కు తెలుగు టైటాన్స్ రూ.2.60 కోట్లు పెట్టిందన్న వార్త చదివి, మీకూ కోట్లొచ్చాయని బంధువులు అనుకుంటూ ఉంటారు. చేబదుళ్లు ఎన్ని ఇచ్చారో మీరు రాయలేదు. రాయలేదంటే ఇచ్చారనే అర్థం. వాటిని ఒక కాగితం మీద పెట్టండి.

పన్ను గురించి ఒక్కమాట గట్టిగా చెప్పాలి. లీగ్ వాళ్లు 10 శాతం టీడీఎస్ కోసి ఇచ్చి ఉంటారు. ‘పన్ను కట్ అయిపోయింది’ అనుకుని చాలామంది ఆటగాళ్లు అక్కడితో వదిలేస్తారు. ఆ సంవత్సరాల్లో మీ స్లాబ్ 30 శాతం అయ్యుంటే తేడా మీరే కట్టాలి. ఉలీ హోనెస్ గురించి విన్నారా? 1974లో ప్రపంచకప్ గెలిచిన పశ్చిమ జర్మనీ ఆటగాడు. మీలాగే మోకాలు దెబ్బతిని, 27 ఏళ్లకు బయెర్న్ మ్యూనిక్ క్లబ్‌కు జనరల్ మేనేజర్ అయ్యాడు. క్లబ్‌ను ఎక్కడికో తీసుకెళ్లాడు. సాసేజ్‌ల ఫ్యాక్టరీ కూడా పెట్టి నడిపించాడు. ఇంత తెలివైనవాడూ స్విట్జర్లాండ్‌లో ఒక ఖాతా దాచి, పన్ను ఎగ్గొట్టి, 2014లో మూడున్నరేళ్ల శిక్ష వేయించుకున్నాడు. మీది అంత పెద్ద వ్యవహారం కాదు. ఫారం 26ఏఎస్ (మీ పేరున కట్ అయిన పన్ను వివరాల పట్టిక) తీసి, వేసిన రిటర్నులతో పోల్చి చూడండి. తేడా ఉంటే అప్‌డేటెడ్ రిటర్ను వేసే గడువు ఇప్పుడు నాలుగేళ్లకు పెరిగింది. ఆలస్యం అయ్యేకొద్దీ అదనపు పన్ను పెరుగుతుంది, కాబట్టి ఈ నెలలోనే ఆడిటర్‌ను కలవండి.

స్నేహితుడికి ఏం చెప్పాలో కూడా అడిగారు. ‘రూల్స్ ఒప్పుకోవు’ అనండి, అది అబద్ధం కాదు. అతను సొంతంగా, బ్యాంకు లోన్‌తో మొదలుపెడితే హామీ సంతకం మాత్రం చేయకండి. అతను కట్టకపోతే బ్యాంకు మీ ఇంటికే వస్తుంది. ప్రారంభానికి వెళ్లి రిబ్బన్ కత్తిరించి రండి. ఇప్పటిదాకా అతను మీ డబ్బు అడిగాడు, ఫోటో అడిగాడు, లెక్కల పుస్తకం మీ చేతిలో పెడతానని మాత్రం ఒక్కసారీ అనలేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివినా నాకు ఆ మాట దొరకలేదు.

టర్ఫ్ తెరిస్తే ఒక పని చేయండి. ఏడాది పాటు వీలైన సాయంత్రాలు అటు వెళ్లి, ఎన్ని గంటలు బుక్ అయ్యాయో చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలలవి. ఆ నోట్‌బుక్ ఫోటో తీసి నాకు పంపండి, అప్పుడు మళ్లీ కూర్చుని లెక్క వేద్దాం.