టెక్ సందేహాలు: టైరు మారిస్తే కారు లెక్కలూ మారతాయి

ప్రశ్న: మాది నరసన్నపేట. 2014 మోడల్ బీఎండబ్ల్యూ 320డీ కారును విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ముందు టైర్లు 225/45 ఆర్18, వెనకవి 255/40 ఆర్18. నాలుగూ రన్‌ఫ్లాట్లే (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు), నాలుగూ అరిగిపోయాయి. ఒక అలాయ్ రిమ్ము వంగింది కూడా. శ్రీకాకుళంలో అడిగితే వెనక సైజు విశాఖ నుంచి తెప్పించాలన్నారు. ఇంకొకాయన 235/40 ఆర్18 నాలుగూ వేసేస్తాను, చవకలో అయిపోతుందన్నాడు. మా తమ్ముడేమో ఎలాగూ మారుస్తున్నాం కదా, 19 అంగుళాల అలాయ్‌లు వేయిద్దాం, లుక్ అదిరిపోతుందంటున్నాడు. ఏం చేయమంటారు సార్?

జవాబు: ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల శీర్షికలో టైర్ల గోలేమిటని మీ ఉత్తరాన్ని రెండు వారాలు పక్కన పెట్టాను. తర్వాత మళ్లీ చదివితే, ఇది ఇక్కడికి రావాల్సిన ప్రశ్నే అనిపించింది. మీ కారులో ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్ ఉంటుంది. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టడమే దాని పని. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, జారుతున్న చక్రాన్ని అదుపుచేసే ట్రాక్షన్ కంట్రోల్, స్పీడోమీటరు, తిరిగిన కిలోమీటర్ల లెక్క... అన్నీ ఆ చుట్ల మీదే ఆధారపడతాయి. ఒక చుట్టుకు కారు ఎంత దూరం పోతుందో కంపెనీ ముందే సాఫ్ట్‌వేర్‌లో రాసిపెట్టింది. టైరు ఎత్తు మారితే ఆ లెక్క తప్పుతుంది. కాబట్టి ముందు లెక్క చూద్దాం.

225/45 ఆర్18 అంటే వెడల్పు 225 మి.మీ., గోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 18 అంగుళాలు. అంగుళానికి 25.4 మి.మీ. చొప్పున రిమ్ము 457.2, పైనా కిందా రెండు గోడలూ కలిపి 202.5. మొత్తం ఎత్తు 659.7 మి.మీ. వెనక 255/40కి ఇదే లెక్క కడితే 661.2 వస్తుంది. చూశారా, వెనక టైరు మూడు సెంటీమీటర్లు వెడల్పు, ఎత్తులో తేడా మాత్రం మిల్లీమీటరున్నర. కంపెనీ ఆ 40 అనే అంకెను ఊరికే వేయలేదు.

ఇప్పుడు మీకు చవకలో ఇస్తానన్న 235/40 ఆర్18 చూడండి. మొత్తం ఎత్తు 645.2. పాతదానికంటే 14.5 మి.మీ. పొట్టి, అంటే 2.2 శాతం తక్కువ. కాగితం మీద లెక్క ప్రకారం పాత ముందు టైరు కిలోమీటరుకు దాదాపు 483 చుట్లు తిరిగితే ఇది 493 తిరుగుతుంది. కారు వంద కిలోమీటర్లు పోతే మీటరు 102 దాటి చూపిస్తుంది. కారు నేలకు ఇంకో ఏడు మిల్లీమీటర్లు దిగుతుంది. ఊరికి నాలుగు స్పీడ్ బ్రేకర్లున్న మన దారుల్లో ఈ కారుకు అడుగు తగలడం ఇప్పటికే మీకు అలవాటయ్యే ఉంటుంది. నాలుగూ ఒకే పొట్టివైతే కంప్యూటరు ఎలాగోలా సర్దుకుంటుంది. డబ్బు మిగల్చాలని రెండే మార్చి, మిగిలిన రెండూ పాత ఎత్తులోనే ఉంచితే మాత్రం పొట్టి చక్రాలు వేగంగా తిరుగుతుంటాయి, జారుతున్నాయేమోనని సిస్టమ్ గందరగోళపడే ప్రమాదం ఉంది. ఆ సైజు వద్దని చెప్పండి.

మీ తమ్ముడి 19 అంగుళాల సంగతి వేరు. 245/35 ఆర్19 ఎత్తు 654.1 వస్తుంది, తేడా ఒక శాతం లోపే. లెక్కలో పాసైంది. ఫెయిలయ్యేది రోడ్డు మీద. ఆ టైరు గోడ ఎత్తు 86 మి.మీ. కూడా లేదు. గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగాల్సింది ఆ గోడే. 18 అంగుళాలకే మీకు ఒక అలాయ్ వంగిపోయింది కదా. 16వ నంబరు జాతీయ రహదారి బాగానే ఉంటుంది, నిజమే. కానీ హైవే దిగకుండా ఎవరి ఇంటికీ వెళ్లలేం. సర్వీసు రోడ్డులో వాన నీళ్లు నిండిన గుంత ఎంత లోతో అందులో దిగాకే తెలుస్తుంది. తమ్ముడికి నా తరఫున సారీ చెప్పండి.

నేనైతే ఎదురు దిశలో వెళ్తాను. నాలుగింటికీ 17 అంగుళాల రిమ్ము, 225/50 ఆర్17 టైరు. మొత్తం ఎత్తు 656.8, మీ పాత ముందు టైరుకు అర శాతం కూడా తేడా లేదు. గోడ ఎత్తు మాత్రం 112.5 మి.మీ., 19 అంగుళాలదానికంటే ఇరవయ్యారు మిల్లీమీటర్ల పైనే అదనపు రబ్బరు. పైగా ఈ మోడల్‌కు కంపెనీ ఇచ్చే సైజే ఇది. డ్రైవరు డోరు తెరిస్తే డోరు ఫ్రేము మీద స్టిక్కరు కనిపిస్తుంది. మీ కారుకు ఒప్పుకున్న సైజులు, వాటికి గాలి ఎంత ఉండాలో అక్కడ ఉంటాయి. దుకాణానికి వెళ్లే ముందు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. స్టిక్కరులో లేని సైజు గురించి ఎవరు ఏం చెప్పినా తల ఊపి వచ్చేయండి. ఆడీ ఏ4, మెర్సిడెస్ సీ క్లాస్ కార్లకూ ఈ సైజు వస్తుంది కాబట్టి స్టాకు దొరకడం తేలిక. నాలుగూ ఒకే సైజైతే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుంటూ సమంగా అరగదీసుకోవచ్చు. ఇప్పుడున్న ముందో సైజు, వెనకో సైజు పద్ధతిలో అది కుదరదు. వెనక వెడల్పు టైర్ల దర్జా పోతుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

టైరు మీద సైజు పక్కన 94డబ్ల్యూ అని ఉంటుంది. డబ్ల్యూ అంటే గంటకు 270 కి.మీ. వేగానికి తట్టుకుంటుందని. రణస్థలం దగ్గర మనకు అంత వేగంతో పనిలేదు. అయినా స్టిక్కరులో ఉన్న అక్షరానికి తగ్గకండి. అంతకంటే ముఖ్యమైనది ముందున్న 94. ఒక్కో టైరు 670 కిలోలు మోయగలదని దాని అర్థం. 91 అయితే 615 కిలోలే. ఇంటిల్లిపాదీ, బియ్యం బస్తా, పలాస జీడిపప్పు పొట్లాలు ఎక్కించుకుని వెళ్లే వాళ్లం కనుక ఈ అంకె దగ్గర రాజీ వద్దు.

రిమ్ముల విషయంలోనే ఎక్కువమంది మోసపోతారు. అయిదు బోల్టులుంటే చాలు పట్టేస్తుందనుకుంటారు. మీ కారుకు ఆ అయిదు రంధ్రాల వలయం వ్యాసం 120 మి.మీ. క్రెటా, ఇన్నోవా క్రిస్టాలది 114.3. ఆడీ, మెర్సిడెస్‌లది 112. తమాషా ఏమిటంటే, మీ తర్వాతి తరం 3 సిరీస్‌ను బీఎండబ్ల్యూనే 112కి మార్చేసింది, కాబట్టి కొత్త 3 సిరీస్ అలాయ్ కూడా మీ కారుకు పట్టదు. నడిమి రంధ్రం 72.6 మి.మీ. ఉండాలి. అది పెద్దదైతే రిమ్ము హబ్ (చక్రాన్ని బిగించే నడిమి భాగం) మీద సరిగ్గా కూర్చోదు, ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, మీరు బ్యాలెన్సింగ్ మీద బ్యాలెన్సింగ్ చేయిస్తూ ఉంటారు. రిమ్ము వెనక వైపు 7½ జే, ఈటీ 37 లేదా ఐఎస్ 37 అని అచ్చు ఉంటుంది. జే పక్కనున్నది వెడల్పు, 37 అన్నది రిమ్ము ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే అంకె. ఆ అంకె బాగా తగ్గితే టైరు ఫెండరు (మడ్‌గార్డు) బయటికొస్తుంది, బాగా పెరిగితే లోపల సస్పెన్షన్‌కు రాసుకుంటుంది. మీ మోడల్ ఒరిజినల్ 17 అంగుళాల రిమ్ములకు ఇవే కొలతలు.

కొత్త నకలు అలాయ్‌ల కంటే పాత ఒరిజినల్ రిమ్ములే నయమని నా అభిప్రాయం. అయితే డబ్బు చేతికిచ్చే ముందు బ్యాలెన్సింగ్ మిషను మీద వట్టి రిమ్మును తిప్పించి చూడండి, వంకర ఉంటే కంటికే కనిపిస్తుంది. వెనక వైపు వెల్డింగ్ మచ్చ ఉంటే ఎంత చవకైనా వద్దు. వంపును సరిచేయించుకోవచ్చు, పగులును అతికించుకుని హైవే ఎక్కకూడదు. మీ ప్రాంతానికి ఇంకో మాట. కళింగపట్నం, బారువ వైపు ఉప్పు గాలికి మెరుగు రిమ్ముల పైపూత కింద తెల్లగా పొక్కులు లేస్తాయి. టైరు కూర్చునే అంచు దగ్గర అలా లేస్తే పంక్చరు లేకుండానే గాలి దిగిపోతుంటుంది.

బోల్టుల మాట వచ్చింది కాబట్టి నా సొంత గోడు. నేనూ ఒకప్పుడు పాత జర్మన్ కారే కొన్నాను. ఎచ్చెర్ల దాటాక టైరు పోయింది. అయిదో బోల్టుకు ఏ పానా పట్టలేదు. దొంగలు చక్రం ఎత్తుకెళ్లకుండా వేసే లాకు బోల్టు అది, దానికి విడిగా చిన్న తాళంలాంటి ముక్క ఉంటుంది. అమ్మినాయన ఇవ్వలేదు, నేను అడగలేదు. పంక్చరు షాపు కుర్రాడు అటూ ఇటూ చూసి, ‘ఏటి బాబూ, సెక్రానికి కూడా తాళమేటి?’ అన్నాడు. మూడు గంటలు పట్టింది విప్పడానికి. మీ డిక్కీలో, టూల్ కిట్‌లో ఆ ముక్క ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. బిగించేటప్పుడు గాలి గన్నుతో ఇష్టమొచ్చినట్టు కాకుండా టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచి చూపే పానా) 140 న్యూటన్ మీటర్లకు బిగించమనండి.

ఇక రన్‌ఫ్లాట్లు. గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కి.మీ. మించకుండా 80 కిలోమీటర్ల దాకా పోవచ్చని కంపెనీ మాట. మీ నరసన్నపేట నుంచి విశాఖ వంద దాటే ఉంటుంది. అంటే సరిగ్గా అవసరమైనప్పుడు సగం దారి దాటాక ఆగిపోతారు. గాలి లేకుండా నడిపిన రన్‌ఫ్లాటుకు మళ్లీ పంక్చరు వేయించి వాడడం క్షేమం కాదు, కొత్తది కొనాల్సిందే, అది మళ్లీ ఆర్డరు మీదే రావాలి. గోడలు గట్టివి కాబట్టి గుంతల దెబ్బ నడుముకు తెలుస్తుంది. అందుకని నా ఓటు మామూలు ట్యూబ్‌లెస్ టైర్లకే. కానీ మీ కారులో స్టెప్నీ లేదు కదా. 12 వోల్టుల గాలి పంపు, పంక్చరు కిట్ డిక్కీలో పెట్టుకోండి. అంకె సెట్ చేస్తే అంతవరకు నింపి తానే ఆగిపోయే పంపులు దొరుకుతున్నాయి. మేకు దిగితే ఈ సరంజామా చాలు, టైరు గోడ చీలితే మాత్రం ఏదీ పనిచేయదు. ఇంట్లో ఆడవాళ్లో పెద్దవాళ్లో రాత్రిళ్లు ఒంటరిగా కారు నడుపుతుంటే, పంపులతో కుస్తీ పట్టే ఓపిక లేకపోతే, రన్‌ఫ్లాట్లే కొనండి. అందులో తప్పేమీ లేదు. అప్పుడు టైరు మీద సైజు దగ్గర నక్షత్రం గుర్తున్నవి చూడండి, బీఎండబ్ల్యూ పరీక్షించి ఒప్పుకున్నవని అర్థం. ఏది కొన్నా నాలుగూ ఒకే రకం ఉండాలి.

కొనేటప్పుడు తేదీ చూడడం మరవకండి. టైరు గోడ మీద డాట్ (DOT) అనే అచ్చు చివర నాలుగంకెలు ఉంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం. కేంద్రం 2020 జూన్‌లో కార్ల టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది, అంటే అనుమతి ఉంటేనే తేవాలి. అందుకని అరుదైన సైజుల్లో గోడౌన్‌లో మగ్గిన సరుకు తగిలే అవకాశం ఉంటుంది. ఎంత తక్కువ వాడినా ఆరేళ్లు దాటిన టైరు తీసేయమని బీఎండబ్ల్యూ మాన్యువలే చెబుతుంది, అందులో రెండేళ్లు దుకాణంలోనే గడిచిపోతే మీకేం మిగిలింది? 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అది కనిపించాలి.

బ్రాండు ఏదని అడగలేదు మీరు, నేనూ చెప్పను. తడి రోడ్డు మీద పట్టు బాగున్న టైరు ఎంచుకోండి, శబ్దం, మైలేజీ తర్వాత. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన జిల్లా మీది. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మి.మీ. దాకా నడపొచ్చు గానీ, మూడు కంటే తగ్గితే నిలిచిన నీళ్ల మీద కారు తేలిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఈ వానాకాలం ముందే మార్చేయండి.

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నాను. మా సెకండ్ హ్యాండ్ మెర్సిడెస్ సీ క్లాస్‌కు కొత్త టైర్లు వేయించాక, టైరు ప్రెషర్ చూడమని రోజూ హెచ్చరిక వస్తోంది. గాలి సరిగ్గానే ఉంది. స్కానర్ పెట్టి తీయాలి, దానికి విడిగా డబ్బు అవుతుందంటున్నారు. ఒకటే టెన్షన్ సార్.

జవాబు: స్కానర్ అక్కర్లేదు. మీ స్క్రీన్ మీద ఒక్కో చక్రంలో గాలి ఎంతుందో అంకెల్లో చూపిస్తోందా? చూపించకపోతే మీ కారుకు గాలిని కొలిచే సెన్సర్లే లేవు. పైన చెప్పిన ఏబీఎస్ చుట్ల లెక్కతోనే ఊహిస్తోంది. గాలి తగ్గిన చక్రం కాస్త పొట్టిదై ఎక్కువ చుట్లు తిరుగుతుంది, దాన్ని బట్టి పసిగడుతుంది. ఇప్పుడు దాని జ్ఞాపకంలో ఉన్నవి అరిగిన టైర్ల లెక్కలు. పొద్దున్నే కారు తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు స్టిక్కరులో ఉన్నంత గాలి నింపండి. టైరు గోడ మీద అచ్చేసిన అంకె గరిష్ఠం, దాన్ని పట్టించుకోవద్దు. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, స్టీరింగ్ బటన్లతో సర్వీస్ మెనూలోకి వెళ్లి, టైర్ ప్రెషర్ దగ్గర రీస్టార్ట్ నొక్కండి. ఒకసారి గజపతినగరం దాకా వెళ్లి వస్తే కొత్త లెక్క నేర్చుకుంటుంది. బీఎండబ్ల్యూ అయితే ఐడ్రైవ్‌లో (కారు స్క్రీన్ మెనూ) వెహికల్ స్టేటస్ కింద ఫ్లాట్ టైర్ మానిటర్ రీసెట్ అని ఉంటుంది, నరసన్నపేట వారికీ ఇది పనికొస్తుంది.

అంకెల్లో చూపించే రకమైతే చక్రం లోపల బ్యాటరీ సెన్సర్లు ఉన్నట్టు. టైరు విప్పేటప్పుడు ఒకటి విరిగి ఉండొచ్చు. అప్పుడు మాత్రం డబ్బు అవుతుంది, అది ఎవరు కట్టాలో విప్పిన వాళ్లతో తేల్చుకోవాలి.

ప్రశ్న: వాల్వు మీద బిగించే బ్లూటూత్ గాలి సెన్సర్లు కొనొచ్చా? మాది రాజాం.

జవాబు: కొనొచ్చు. చుట్ల లెక్క మీద నడిచే కార్లు, నాలుగు టైర్లలోనూ గాలి సమంగా తగ్గితే కనిపెట్టలేవు. వీటితో ఆ లోటు తీరుతుంది. బిగించాక వాల్వు దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, సరిగ్గా కూర్చోని సెన్సరే గాలి దింపేస్తుంది. నెలకోసారి విప్పి బిగిస్తూ ఉండండి, లేదంటే లోహపు వాల్వుకు అది పట్టేసి ఊడి రాదు.