రంగు సంగతి ఆఖర్న చూద్దాం

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. మీ నాన్న గేదె కొమ్ముతో చేసే దువ్వెనలకీ బొమ్మలకీ వెబ్‌సైట్ పెడతానన్నావు, చాలా సంతోషం, కానీ కింద "ఏ కలర్ బాగుంటుంది మావయ్యా" అని అడిగావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. ఇల్లు కట్టకముందే కర్టెన్లు కొన్నట్టుంది. రంగు ఆఖర్న.

ముందు ఒక నోటుబుక్కు పెట్టుకో. పదిహేను రోజులు, వచ్చినోళ్లు, ఫోన్ చేసినోళ్లు ఏం అడిగారో వాళ్ల మాటల్లోనే రాసుకో. పోయినసారి పర్లాకిమిడి వచ్చినప్పుడు మీ అరుగు మీద గంట కూర్చున్నానా, ఒకాయన ఇది జింక కొమ్మా అన్నాడు, ఇంకొకాయన ప్లాస్టిక్ కాదని గ్యారంటీ ఏటి అన్నాడు, ఒకావిడ దువ్వెన వేడి నీళ్లలో కడగొచ్చా అంది. మీ నాన్న అందరికీ ఓపిగ్గా చెప్పాడు. ఆ జవాబులే నీ వెబ్‌సైట్, వేరే ఏం రాయాలా అని బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఇది గేదె కొమ్ము, జింక కొమ్ముతో వ్యాపారం 1972 చట్టం కింద నేరం, మేం దాన్ని ముట్టుకోం అని మొదటి పేజీలోనే పెట్టు. ఆకురాయి పెట్టినప్పుడు వెంట్రుక కాలిన వాసన వస్తుంది కదా, అది ఎందుకొస్తుందో రెండు లైన్లు రాయి, వెంట్రుకా గోరూ కొమ్మూ అన్నీ కెరటిన్ అనే ఒకటే పదార్థం అని, ప్లాస్టిక్ అనుమానం ఉన్నోడికి అదే జవాబు. వేడి చేసే కదా మీ నాన్న కొమ్ముని వంచుతాడు, మరి కస్టమరు మరుగు నీళ్లలో పడేస్తే మళ్లీ వంకర పోదా, అదీ రాయి. అప్పుడప్పుడు ఒక చుక్క కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడవమని చెప్పు.

రాసేటప్పుడు మాత్రం "మా ఉత్పత్తులు అత్యుత్తమ నాణ్యతా ప్రమాణాలతో" అని మొదలెట్టకే తల్లీ. గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్లో మాస్టారుగా ఉండే వాడుక భాష కోసం అంత కొట్లాడారు, ఆ ఊరి పిల్లవి, నువ్వు మాట్లాడినట్టే రాయి. ఇంకోటి, బోర్డులు చేసే డీటీపీ షాపులో తెలుగు టైప్ చేయించి బొమ్మలాగ తెచ్చి అతికించకు, బొమ్మలో ఉన్న అక్షరాలని నమ్ముకుంటే గూగుల్లో వెతికినోడికి నువ్వు దొరకవు. ఫోన్లో మామూలుగా టైప్ చేస్తావే, యూనికోడ్, అదే పెట్టు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు, మూడూ ఉండాలి, కానీ మెషిన్ ట్రాన్స్‌లేషన్ అలాగే వదిలేయకు, ఒడియా పేజీ మీ పక్కింటి వాళ్ల చేత ఒకసారి చదివించు.

ఇప్పుడు పేరు. మన ఊరి పేరు సర్కారు కాగితాల్లో పారలాఖెముండి, పాత పుస్తకాల్లో పర్లాకిమెడి, మన నోట్లో పర్లాకిమిడి, ఇంగ్లీషులో ఒక్కొక్కడిదీ ఒక్కో స్పెల్లింగు. అందుకని డొమైన్లో, అంటే సైటు అడ్రసులో, ఊరి పేరు పెట్టకు, పేజీ లోపల మాత్రం అన్ని స్పెల్లింగులూ ఎక్కడో ఒకచోట వచ్చేలాగ చూడు. చిన్న పేరు అనుకో, మీ అమ్మకి ఫోన్లో ఒక్కసారే చెప్పు, తను తప్పు లేకుండా టైప్ చేస్తే పేరు పాసైనట్టే.

ఆ డొమైన్ నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తో, నీ ఫోన్‌కి ఓటీపీ వచ్చేలాగ కొను. ఇది నా సొంత దెబ్బ. బరంపురంలో నా చీరల కొట్టుకి సైటు పెట్టినప్పుడు ఒక కుర్రాడు అంతా నేను చూసుకుంటా అంకుల్ అన్నాడు, డొమైన్ తన పేరు మీద కొన్నాడు, నాకు తెలీదు, తర్వాత ఉద్యోగం వచ్చి ఎటో వెళ్లిపోయాడు, రెన్యూవల్ ఎవడూ కట్టలేదు. వెయ్యి విజిటింగ్ కార్డులు కొట్టించాను అమ్మలూ. ఒకరోజు ఒక కస్టమరు ఫోన్ చేసి మీ సైట్లో పేకాట యాడ్స్ వస్తున్నాయేటండీ అన్నాడు, ఎవడో కొనేసుకున్నాడు ఆ పేరుని. కార్డులన్నీ మీ అత్తయ్య సరుకుల చీటీలు రాసుకోడానికి పనికొచ్చాయి. కొనేటప్పుడు మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోకు, రెండో ఏడాదికి ఎంతో కూడా అక్కడే చూడు.

ఇక ఫోటోలు, నీ అసలు పని ఇక్కడే ఉంది. పాలిష్ చేసిన కొమ్ము అద్దంలా మెరుస్తుంది, ఫ్లాష్ వేస్తే తెల్ల మచ్చ తప్ప ఏం కనపడదు. పొద్దున్న ఎనిమిది గంటల వేళ అరుగు మీద నీడలో తెల్ల పంచె పరిచి తియ్యి. కొంగ బొమ్మ పక్కన స్కేలు పెట్టి ఒకటి, చేతిలో పట్టుకుని ఒకటి, లేకపోతే ఆరంగుళాల కొంగని అడుగున్నర అనుకుని కొని తర్వాత దెబ్బలాడతారు. ఏ రెండు కొమ్ములూ ఒకే రంగు ఉండవు కాబట్టి, ఏ ముక్క పంపుతావో దాని ఫోటోనే పెట్టు, అమ్ముడైపోతే వెంటనే తీసెయ్. ఫోన్ ఫోటో నాలుగైదు ఎంబీ ఉంటుంది, అడ్డం 1200 పిక్సెల్స్‌కి తగ్గించి 200 కేబీ లోపు చెయ్యి. తర్వాత ఆర్.ఉదయగిరి బస్సెక్కి కొండల్లో సిగ్నల్ ఒక గీత ఉన్నప్పుడు ఒక పాత ఫోన్లో తెరిచి చూడు, అక్కడ తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది.

సైట్లోనే సరుకు బుట్టలో వేసుకుని డబ్బు కట్టే కార్టు, పేమెంట్ గేట్‌వే ఇప్పుడే వద్దు. ముప్పై వస్తువులు, ధర, పక్కనే వాట్సాప్ బటన్, డబ్బు యూపీఐ. రోజుకి పది ఆర్డర్లు దాటాక చూద్దువుగాని. ధర మాత్రం దాచకు, "ధరకి మెసేజ్ చేయండి" అంటే నేనైతే చెయ్యను. కొంగ కాళ్లు విరిగిపోతే ఏం చేస్తావో, ఎన్ని రోజుల్లో చెప్పాలో ముందే రాసిపెట్టు. జీఎస్టీ గురించి ఆడిటర్ని అడుగు, ఎందుకంటే మనది ఒడిశా, పాతపట్నం ఆంధ్రలో ఉంది, పక్కూరే అయినా కాగితం మీద అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే, చేతిపని వస్తువులకి సడలింపు ఏదైనా నీకు వర్తిస్తుందేమో ఆయన్నే చూడమను. గూగుల్ మ్యాప్‌లో షాపు పెట్టడం ఫ్రీ, అది సైటు కన్నా ముందే చేసెయ్, పిన్ 761200 తప్పు పడకుండా చూడు.

రంగు అడిగావు కదా, తెలుపు. కొమ్ము నల్లగా బూడిదగా ఉంటుంది, తెలుపు మీదే ఎత్తి కనపడుతుంది. పరిగెత్తే అక్షరాలూ పాటలూ పెట్టావంటే మాత్రం నేను తెరవను.

పాత క్యాలెండరు వెనక ఫోన్ సైజు గళ్లు గీసి, ఏది పైన ఏది కింద అని పెన్సిల్‌తో వేసి నాకు ఫోటో పంపు. ఆదివారం వస్తే ఆ విరిగిన కాలు కొంగ కూడా తే, ప్యాకింగ్ ఎలాగో చూద్దాం.

మీ మావయ్య