కొత్త స్టీరియో వెలుగుతోంది, శబ్దం రావట్లేదు: సమాధానం

స్టీరియో మార్చాక స్క్రీన్ వెలుగుతున్నా ఒక్క స్పీకరూ పలకట్లేదన్నారు కదండీ, ముందు కారుతో వచ్చిన ఆంప్లిఫయర్ ఆన్ అవుతోందో లేదో చూడండి. స్టీరియో వెనక తెల్ల చార ఉన్న నీలం వైరు సాధారణంగా ఆంప్లిఫయర్‌ని ఆన్ చేయడానికే. స్టీరియో ఆన్ చేసి, మల్టీమీటర్ నల్ల ప్రోబ్ బాడీ ఎర్త్‌కీ, ఎర్రది ఆ వైరుకీ ఆనిస్తే దాదాపు 12 వోల్టులు చూపాలి. చూపిస్తే, కారు హార్నెస్‌లో (వైర్ల కట్టలో) ఆంప్లిఫయర్‌ని ఆన్ చేసే వైరుకి దాన్ని కలపండి. చార లేని నీలం వైరు మాత్రం వద్దు. అది ఏంటెనాది, చాలా మోడళ్లలో రేడియో పెట్టినప్పుడే కరెంటు ఇస్తుంది, బ్లూటూత్‌కి మారగానే పాట ఆగిపోతుంది.

శబ్దం వచ్చి, తక్కువ వాల్యూమ్‌లోనే బరబరలాడితే ఆంప్లిఫయర్‌కి కలిపిన స్పీకర్ వైర్లు తీసేసి, స్టీరియో వెనకుండే ఆర్‌సీఏ ఔట్‌పుట్లు (తక్కువ స్థాయి సిగ్నల్ ఇచ్చే గుండ్రటి సాకెట్లు) దానికి ఇవ్వండి. కాన్ బస్ (కారులోని ఎలక్ట్రానిక్ భాగాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే వైరింగ్) ద్వారా ఆంప్లిఫయర్ ఆన్ అయ్యే కార్లకైతే ఆ మోడల్‌కి సరిపడే ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ (కొత్త స్టీరియోని ఆ వైరింగ్‌తో కలిపే చిన్న పెట్టె) తప్పదు.