గిటార్ కోసం అప్పు చేయమంటారా, ఆగమంటారా?

ప్రశ్న: సర్, మాది ఒడిశాలోని రాయగడ. ప్లస్ టూ రెండో ఏడాది. వయసు 17. మూడేళ్లుగా గిటార్ నేర్చుకుంటున్నాను, దాంతోనే బతకాలని ఉంది. నా దగ్గరున్నది ఐదు వేల గిటార్. ఒకే వేలితో తీగలన్నీ అదిమే బారే కార్డు పట్టుకుంటే వేళ్లు తెగిపోతున్నట్టు ఉంటుంది. విశాఖలో ఒక షాపులో 60 వేల గిటార్ వాయించి చూశాక ఇది ముట్టుకోబుద్ధి కావడం లేదు. ఇద్దరు పిల్లలకు నేర్పుతాను, చర్చిలో, ప్రోగ్రాముల్లో వాయిస్తాను, నెలకు మూడు వేల దాకా వస్తుంది. దాచుకున్నది 10 వేలు ఉంది. మిగతా 50 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానని మావయ్య అంటున్నారు. నాన్నది కాంట్రాక్టు పని. ఆయన సంతకం పెడతానంటున్నారు. అమ్మకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మ మాట విను బాబూ. గిటార్ వద్దని కాదు, ఆ అప్పు వద్దని.

నూటికి మూడు రూపాయలంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. 50 వేలకు నెలకు 1,500, ఏడాదికి 18 వేలు, అంటే నూటికి 36. నీకు వచ్చే మూడు వేలలో సగం వడ్డీకే పోతుంది, అసలు కదలదు. ఇరవై నెలలు గడిచేసరికి 30 వేలు కట్టి ఉంటావు, 50 వేలు ఇంకా బాకీ ఉంటుంది. అదే నెలకు 2,500 పక్కన పెడితే ఆ ఇరవై నెలలకే 50 వేలవుతుంది. మిగిలిన ఐదొందలు తీగలకు, ఛార్జీలకు. పైగా నీకు పద్దెనిమిది నిండలేదు, నువ్వు రాసిన నోటు చట్టం ముందు చెల్లదు. అందుకే నాన్నగారి సంతకం అడుగుతున్నారు. కాంట్రాక్టు పని ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. వడ్డీ మాత్రం ఏ నెలా ఆగదు.

ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1996లో బరంపురంలో డిగ్రీ చదువుతూ ఒక కీబోర్డు కొన్నాను. 15 వేలు, ఇదే మూడు రూపాయల వడ్డీకి. నెలకు 450 కట్టాలి. పెళ్లిలో రాత్రంతా వాయిస్తే వందిచ్చేవారు. అంటే నెలకు నాలుగున్నర పెళ్లిళ్లు వడ్డీకే. ఆ అర పెళ్లి ఎక్కడ దొరుకుతుందని ఫ్రెండ్స్ ఆటపట్టించేవారు. ఎవరు పిలిచినా వెళ్లడం, అవే పది పాటలు వాయించడం, పొద్దున్నే క్లాసులో నిద్రపోవడం. సాధన అన్నదే లేదు. పదమూడు నెలలకు ఆ కీబోర్డును తొమ్మిది వేలకు అమ్మి, మిగతాది నాన్న చేత కట్టించాను. నేను సంగీతంలో లేకపోవడానికి అదొక్కటే కారణమని అనను, నా వాయింపూ అంతంతమాత్రమే. కానీ అప్పున్నవాడికి పాటలు ఏరుకునే వీలుండదని మాత్రం అప్పుడే తెలిసింది.

షాపువాళ్లు 'వడ్డీ లేని ఈఎంఐ' అని కూడా అంటారు. అలాంటిదేమీ ఉండదని, ఆ వడ్డీ ప్రాసెసింగ్ ఫీజు లాంటి వాటిలో దాక్కుంటుందని రిజర్వు బ్యాంకే 2013లో బ్యాంకులకు చెప్పింది. రొక్కం పెట్టి కొంటే ఇచ్చే తగ్గింపు కూడా ఈఎంఐ వాళ్లకు సాధారణంగా దక్కదు. ఒక కిస్తీ తప్పినా మచ్చ పడేది నాన్నగారి క్రెడిట్ స్కోరు మీద.

ఇప్పుడు నీ ఐదు వేల గిటార్ సంగతి. నీ ఉత్తరంలో నన్ను పట్టిన మాట 'వేళ్లు తెగిపోతున్నట్టు ఉంటుంది' అన్నది. అది చవక గిటార్ కావడం వల్లే అనుకుంటున్నావు. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర లావు తీగ కింద రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి దూర్చి చూడు. అవి తగలకుండా దూరిపోయి పైన ఇంకా ఖాళీ కనిపిస్తే, తీగ ఉండాల్సిన దానికంటే ఎత్తులో ఉందన్నమాట. బాగు చేసేవాడు అలెన్ కీతో మెడ లోపలి కడ్డీ, అంటే ట్రస్ రాడ్, తిప్పి మెడ వంపు సరిచేస్తాడు, కింద తీగలు ఆనే శాడిల్ కాస్త అరగదీస్తాడు, పైన తీగలు కూర్చునే నట్ గాడులు సర్దుతాడు, కొత్త తీగలు వేస్తాడు. గిటార్ ధరతో పోలిస్తే ఆ ఖర్చు ఏపాటిదీ కాదు. నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో ఇద్దరు ముగ్గురు ఈ ఒక్క పనితో కొత్త గిటార్ మాట మరిచిపోయారు. నువ్వు మరిచిపోవాలని కాదు, ఈ ఇరవై నెలలూ వేళ్లు బతికి ఉండాలి కదా.

ఇంకో సంగతి. 60 వేల గిటార్‌లో సాధారణంగా పై పలక అసలు చెక్కతో ఉంటుంది. నీదాంట్లో ప్లైవుడ్ అయి ఉంటుంది. అసలు చెక్క మన వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, మే ఎండలకు బిగుసుకుని ఒక్కోసారి చీలుతుంది. రేకుల ఇంట్లో గోడ మేకుకు తగిలిస్తే ఖరీదైనదే ముందు పాడవుతుంది. గట్టి కేసు, అందులో సిలికా జెల్ పొట్లాలు, పెట్టడానికి ఒక చల్లటి మూల, ఇవన్నీ కలిపితే నీ లెక్క 60 వేల దగ్గర ఆగదు. మరో మూడు నాలుగు వేలు కలుపుకో.

డబ్బు ఎక్కడ పెట్టాలి? పోస్టాఫీసు ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసే వీలు లేదు, నీకు పనికిరాదు. బ్యాంకు ఆర్డీ ఏడాదికి కూడా తెరవచ్చు. నీ పేరు మీదే తెరువు, వడ్డీ కొద్దిగానే వచ్చినా అది నీ వైపు వచ్చే వడ్డీ. చీటీ వేస్తానంటావేమో, మధ్యలో పాడేసుకుంటే అది కూడా అప్పే. పరీక్షల ముందు రెండు నెలలు ప్రోగ్రాములు ఒప్పుకోకు. దాంతో ఇరవై కాస్తా ఇరవై రెండు నెలలవుతుంది, అయితే అవనీ. వినాయక చవితి పందిళ్లు, పెళ్లిళ్ల సీజన్, మీ చైతి ఉత్సవం ఉండనే ఉన్నాయి.

గిటార్‌తోనే బతకాలన్నావు కాబట్టి ఈ నెలలు దానికీ వాడుకో. ట్రినిటీ కాలేజ్ లండన్ పరీక్షల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు గ్రేడ్లున్నాయి. స్కూళ్లలో మ్యూజిక్ టీచర్‌గా చేరాలనుకునే వాళ్లకు అవి చేతిలో ఉంటే మేలు. అక్కడ చూసేది నువ్వెలా వాయించావనే, గిటార్ వెల ఎవరూ అడగరు. నీ రైలు మార్గంలోనే విజయనగరం ఉంది, 1919లో మొదలైన సంగీత కళాశాల అక్కడిదే. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్, తరువాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. గాత్రమో వయొలినో కొంత నేర్చుకున్న గిటారిస్టుకు పాట వినగానే స్వరం తెలుస్తుంది. సింగర్ శ్రుతి మార్చినప్పుడు తడుముకోడు. ఆర్కెస్ట్రావాళ్లు మళ్లీ పిలిచేది అలాంటివాణ్నే. ప్లస్ టూ తరువాత ఏదో ఒక డిగ్రీ మాత్రం వదలకు, దాని గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను.

మావయ్యకు కోపం రాకుండా, "ఇరవై నెలల తరువాత తక్కువ పడితే మిమ్మల్నే అడుగుతాను" అని చెప్పు.

డబ్బు పోగయ్యాక విశాఖ ఒంటరిగా వెళ్లకు, మీ గిటార్ మాస్టారిని తీసుకెళ్లు. బాగు చేయించిన ఆ పాత గిటార్ కూడా పట్టుకెళ్లు. ఆయన్ను గోడవైపు తిరిగి కూర్చోమని, ఒకే పాట ముందు దానిమీద, తరువాత 30 వేల దానిమీద, ఆఖర్న 60 వేల దానిమీద వాయించు. ఏది ఏదో ఆయన చెప్పాకే డబ్బు బయటికి తీయి.